పంచాయతీ లేఅవుట్ ప్లాటు, ఇప్పుడు మున్సిపాలిటీ: ఇంటి పర్మిషన్‌కు ముందు ఏం చూసుకోవాలి?

మీరు రాసింది ఇదీ. నాన్నగారి పేరు మీద 2014లో కొన్న 180 గజాల ప్లాటు. 30 అడుగుల వెడల్పు, 54 అడుగుల లోతు, తూర్పు ముఖం, ముందు 20 అడుగుల రోడ్డు అని దస్తావేజులో ఉంది. కొన్నప్పుడు ఊరు గ్రామ పంచాయతీ, 2018లో మున్సిపాలిటీ అయింది. 2020లో ఎల్‌ఆర్‌ఎస్‌కు (అనుమతి లేని లేఅవుట్ ప్లాట్ల క్రమబద్ధీకరణ పథకం) వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టి, ఆ తర్వాత పట్టించుకోలేదు. ఇప్పుడు జీ ప్లస్ వన్ కట్టాలి. మీ పేరు మీద బ్యాంకు లోన్ కావాలి. శ్రావణంలో ముగ్గు పోయాలి. మేస్త్రీ ఏమో "ఈ ఊళ్లో పర్మిషన్ ఎవరు తీసుకుంటున్నారు సార్" అంటున్నాడు. ప్లాన్ గీసే ఇంజనీరు 60 వేలిస్తే వారంలో పర్మిషన్ చేతిలో పెడతానంటున్నాడు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. పర్మిషన్ తప్పకుండా తీసుకోవాలి. అయితే వారంలో తీసుకోవడం ఇప్పుడు గొప్ప విషయమేమీ కాదు. తెలంగాణలో 2020 నవంబర్‌లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ ఇంటి అనుమతుల పద్ధతి మొదలైనప్పటి నుంచి 75 గజాలు దాటి 600 గజాల లోపు ప్లాటులో, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి సొంత ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి వస్తుంది. ఇప్పుడు బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ వచ్చినా పద్ధతి అదే. కాగితాలు ఎక్కించి, ఫీజు కడితే పత్రం దిగుతుంది. కష్టమల్లా ఆ పత్రం చేతికొచ్చాక నిలబడటంలోనే ఉంది.

సొంత ధ్రువీకరణ అంటే, "నేను చెప్పిన కొలతలు, హక్కులు, రోడ్డు వెడల్పు అన్నీ నిజం, తేడా వస్తే బాధ్యత నాది" అని మీరు సంతకం పెట్టడం. వెనకటికి ఫైలు టేబుళ్ల మీద తిరిగేది, విసుగొచ్చేది, కానీ తప్పు ఉంటే టౌన్ ప్లానింగ్ వాళ్లే ముందు పట్టుకునేవారు. ఇప్పుడు ముందు అనుమతి, తర్వాత తనిఖీ. రెవెన్యూ వాళ్లు హక్కు చూస్తారు, నీటిపారుదల లేదా ఆర్‌అండ్‌బీ ఇంజనీర్లు స్థలం చూస్తారు, టౌన్ ప్లానింగ్ వాళ్లు కొలతలు చూస్తారు. తప్పు చెప్పారని తేలితే 21 రోజుల్లోపు అనుమతి రద్దు చేయొచ్చు. కట్టింది దరఖాస్తులో చెప్పినట్టు లేకపోతే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం టీఎస్ బీపాస్ చట్టంలో ఉంది. ఇంజనీరు "వారంలో ఇప్పిస్తా" అన్నది నిజమే. 21 రోజుల తర్వాత ఏమవుతుందో అతను చెప్పలేదు, మీరూ అడగలేదు.

ఇక మేస్త్రీ మాట. మీ వీధిలో చాలామంది పర్మిషన్ లేకుండా కట్టుకున్న మాట నిజమే అయ్యుంటుంది. వాళ్లకు ఇంటి నంబర్ వచ్చింది, పన్ను రసీదు వస్తోంది, కరెంటు మీటర్ తిరుగుతోంది. అది చూసే జనం మోసపోతారు. పర్మిషన్ లేని ఇంటికి కూడా మున్సిపాలిటీ పన్ను వేస్తుంది. పన్ను కట్టినంత మాత్రాన ఆ ఇల్లు సక్రమం కాదు. పైగా అసలు అనుమతే లేని కట్టడానికి ఇంటి పన్ను మీద నూరు శాతం జరిమానా ఉంటుంది, అదీ ఏటా. మీకు లోన్ కావాలి కాబట్టి ఈ చర్చే అక్కర్లేదు. మంజూరైన ప్లాన్ లేకుండా బ్యాంకు మొదటి విడత కూడా విడుదల చేయదు. చివరి విడతల ముందు బ్యాంకు పంపే ఇంజనీరు వచ్చి, కట్టింది ప్లాన్ ప్రకారం ఉందో లేదో చూసి రాస్తాడు.

అసలు సంగతి ఎల్‌ఆర్‌ఎస్. మీ ప్లాటు విషయంలో మొదటి పని ఇదే, పర్మిషన్ దరఖాస్తు కాదు. 2018లో తెలంగాణలో ఒకేసారి 68 కొత్త మున్సిపాలిటీలు వచ్చాయి. అప్పటిదాకా ఆ ఊళ్లలో సర్పంచ్, కార్యదర్శి సంతకాలతో వేసిన వెంచర్లను జనం "పంచాయతీ లేఅవుట్" అని నమ్మి కొన్నారు. లేఅవుట్‌కు సాంకేతిక అనుమతి ఇవ్వాల్సింది డీటీసీపీ, అంటే రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ. అది లేకపోతే పంచాయతీ ముద్ర ఎంత పెద్దదైనా లెక్కలోకి రాదు. మీది అలాంటిదే కాబట్టే 2020లో ఎల్‌ఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టారు. ఆ వెయ్యి రూపాయల రసీదు జాగ్రత్తగా ఉంచి మంచి పని చేశారు. 2020 ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లకే ఆ పథకం వర్తిస్తుంది. అప్పుడు దరఖాస్తు పెట్టనివాళ్ల పరిస్థితి మీకంటే చాలా చిక్కుగా ఉంది.

ఖర్చు ఎంతవుతుందో స్థూలంగా లెక్క చూపిస్తాను. 180 గజాలంటే సుమారు 150 చదరపు మీటర్లు. క్రమబద్ధీకరణ చార్జీ 101 నుంచి 300 చదరపు మీటర్ల మధ్య ప్లాటుకు మీటరుకు 400 రూపాయలు, అంటే 60 వేలు. అయితే గజం ప్రభుత్వ ధర 3 వేల లోపు ఉంటే అందులో 20 శాతమే కట్టాలి, అంటే 12 వేలు. లేఅవుట్‌లో పార్కు స్థలం వదలకపోతే దీనికి తోడు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ ఉంటుంది. విలువ మీరు రిజిస్ట్రేషన్ చేయించుకున్న నాటి ప్రభుత్వ ధర ప్రకారం తీసుకుంటారు. 2014లో మీ దగ్గర గజం వెయ్యి అనుకుంటే ప్లాటు విలువ లక్షా 80 వేలు, అందులో 14 శాతం 25,200. మొత్తం 37,200 రూపాయలు. మీ దస్తావేజు మొదటి పేజీల్లో ఉన్న మార్కెట్ విలువ పెట్టుకుని మీరే లెక్క వేసుకోండి. 2025లో కొన్నాళ్లు 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. అప్పుడు కట్టి ఉంటే బాగుండేది, కానీ ఇప్పటికైనా కట్టి ప్రొసీడింగ్స్ (క్రమబద్ధీకరించినట్టు ఇచ్చే ఉత్తర్వు) కాపీ చేతికి తీసుకోండి. రికార్డులో భూమి ఇంకా వ్యవసాయ భూమిగానే ఉంటే దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చే నాలా చార్జీ అదనం.

ఎల్‌ఆర్‌ఎస్ కట్టే ముందు ఒక పూట కేటాయించి రెండు విషయాలు చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో వెతకండి. ఒక్కోసారి సర్వే నంబరులో కొంత భాగం అసైన్డ్ భూమి అయితే నంబరు మొత్తాన్ని జాబితాలో పెట్టేస్తారు. అప్పుడు తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి సబ్‌డివిజన్ తేల్చుకోక తప్పదు. రెండోది చెరువు. చిన్న ఊళ్లలో చెరువు ఎండిపోయి ఏళ్లు గడిస్తే దాని హద్దు ఎవరికీ గుర్తుండదు, వెంచర్ వేసినవాడికి అసలే గుర్తుండదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్ వదలాలి. పక్కన వాగు ఉంటే దానికీ బఫర్ ఉంటుంది. ఎఫ్‌టీఎల్ లోపల ఉన్న ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ కూడా రాదు. ఇవన్నీ పోర్టల్ అడగదని కాదు, అడుగుతుంది. "లేదు" అని టిక్ పెట్టేది మీరు, లేదా మీ తరఫున ఆ ఇంజనీరు.

తర్వాతది కొలతలు. దస్తావేజులో 30 x 54 ఉంది సరే, టేపు పట్టి చూశారా? పక్కవాళ్ల ప్రహరీ అర అడుగు ఇటు జరిగి ఉండటం, వెంచర్ రాళ్లు పీకేసి ఉండటం మామూలే. దస్తావేజులో ఒకటి, నేల మీద ఒకటి ఉంటే ఏది తక్కువైతే దాన్నే ప్లాటుగా తీసుకోండి. నేల మీద 29 అడుగులే ఉండి దరఖాస్తులో 30 అని రాస్తే, ఇల్లు ప్లాన్ ప్రకారమే కట్టినా పక్క ఖాళీలో అడుగు తగ్గుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు చూసేది ఆ ఖాళీనే. నాలుగు హద్దులూ కూడా చదవండి. దస్తావేజులో "ఉత్తరం: ఖాళీ స్థలం" అని ఉండి ఇప్పుడు అక్కడ ఎవరిదో ఇల్లు ఉంటే పర్వాలేదు. కానీ "తూర్పు: దారి" అని మాత్రమే ఉండి వెడల్పు రాయకపోతే రోడ్డు దగ్గర గొడవ వస్తుంది.

రోడ్డు విషయం దగ్గరే చాలామంది బోర్లా పడతారు. కొత్తగా వెలసిన ప్రాంతాల్లో ఇంటి ముందు రోడ్డు 9 మీటర్లు, అంటే 30 అడుగులు ఉండాలని నిబంధన. మీకు 20 అడుగులే ఉంది. దాంతో అనుమతి ఆగదు. కొరత 10 అడుగుల్లో మీ వాటా 5 అడుగులు మీ ప్లాటులోంచి వదలాలి. ఎదుటివాళ్లు వాళ్ల వాటా వదులుతారు, లేదా వాళ్లు కట్టుకున్నప్పుడు వదులుతారు. ఈ వదిలిన స్థలం మున్సిపాలిటీకి ఉచితంగా ఇచ్చినట్టు రాసివ్వాలి. దానికి బదులుగా సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో, కొంత రాయితీ అడిగే వీలు నిబంధనల్లో ఉంది, అడగడం మరచిపోవద్దు. కొలత రోడ్డు మధ్యగీత నుంచి తీసుకుంటారు. అందుకని ఎదుటి ఇంటివాళ్లు మెట్లు, ర్యాంపు రోడ్డు మీదికి తెచ్చుకుని ఉంటే, వాళ్ల మెట్ల నుంచి కొలిచి మీ స్థలంలో ఇంకా ఎక్కువ వదలమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లేఅవుట్ కాపీలో ఉన్న మధ్యగీత చూపించండి.

ఇప్పుడు మీకు మిగిలే ఇల్లు ఎంతో చూద్దాం. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటుకు, 12 మీటర్ల లోపు రోడ్డు మీద ముందు వైపు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు ఖాళీ వదలాలి. అడుగుల్లో ముందు 5, మిగతా వైపుల మూడుంబావు. వెడల్పులో 30 నుంచి ఆరున్నర తీస్తే ఇరవై మూడున్నర. లోతులో 54 నుంచి రోడ్డుకు 5, ముందు 5, వెనక మూడుంబావు తీస్తే దాదాపు 40 అడుగుల 9 అంగుళాలు. అంతస్తుకు సుమారు 957 చదరపు అడుగులు. రోడ్డుకు 5 అడుగులు వదలాల్సిన పని లేకపోతే 1,075 వచ్చేది. అంటే రెండంతస్తులకూ కలిపి దాదాపు 235 చదరపు అడుగుల తేడా, ఒక పెద్ద గది, వంటిల్లు అంత. మీ ఇంజనీరు గీసిన ప్లాన్‌లో అంతస్తుకు 1,150 అని రాశారు. ఆ లెక్కకు ఏ రకంగా చూసినా చోటు లేదు. ఒకటే జరిగి ఉండాలి: పర్మిషన్‌కు ఒక ప్లాన్, మేస్త్రీకి ఒక ప్లాన్. చిన్న ఊళ్లలో ఇది ఎంత మామూలు అంటే, ఇంజనీర్లు దాన్ని దాచను కూడా దాచరు, "పర్మిషన్ ప్లాన్ వేరండీ" అని నేరుగానే చెప్పేస్తారు. అలా చెబితే ఇంకొక ఇంజనీరును చూసుకోండి. దొరికిపోతే అతని లైసెన్సు పోవచ్చు, కానీ గోడ పోయేది మీది.

దీనికి వాస్తు తోడవుతుంది. తూర్పు, ఉత్తరం ఎక్కువ వదిలి, దక్షిణం, పడమర గోడకు ఆనించి కట్టడం మన దగ్గర అలవాటు. వాస్తు నమ్మడం మీ ఇష్టం, నేను వాదించను. తూర్పున ఎక్కువ వదిలితే ఎవరూ కాదనరు కూడా. కానీ దక్షిణం, పడమర మూడుంబావు అడుగుకు తగ్గకూడదు. బయటి మెట్లు పక్క ఖాళీలో పెట్టడం ఇంకో అలవాటు. పై వాటా అద్దెకిచ్చే ఆలోచన ఉంటే మెట్లు బయటి నుంచే కావాలి, నిజమే. అప్పుడు మెట్ల గదిని కట్టడం లెక్కలోనే పెట్టి గీయించుకోండి. పక్కవైపుల పది శాతం లోపు తేడాను జరిమానాతో సరిపెట్టే వీలుంది. ముందు వైపుకు ఆ వెసులుబాటు లేదు. ఒక మీటరులో పది శాతమంటే నాలుగంగుళాలు. మేస్త్రీ ప్లాస్టరింగ్ మందానికే అది సరిపోతుంది, కాబట్టి దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి.

ఎత్తు సంగతి ఒకటుంది. జీ ప్లస్ వన్ అంటే 7 మీటర్లు, అంటే 23 అడుగులు అని లెక్క. మీరు వీధి నీళ్లు లోపలికి రాకుండా మట్టం 3 అడుగులు లేపాలంటున్నారు. దాని మీద పదేసి అడుగుల రెండంతస్తులు వేస్తే సరిగ్గా 23 అవుతుంది. హాలు పదకొండు అడుగులుండాలని మేస్త్రీ ఉబలాటపడితే 7 మీటర్లు దాటుతుంది. 200 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 7 మీటర్ల లోపు ఇంటికి పది శాతం కట్టడాన్ని మున్సిపాలిటీకి పూచీగా రాసివ్వాల్సిన పని లేదు. దాటితే ఆ పని పడుతుంది, ఇల్లు ప్లాన్ ప్రకారం పూర్తయిందని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకున్నాకే అది విడుదలవుతుంది. ఒక్క అడుగు కోసం ఆ తలనొప్పి ఎందుకు? పైన ఇంకో అంతస్తు వేసే ఉద్దేశం నిజంగా ఉంటే మాత్రం ఇప్పుడే 10 మీటర్లకు దరఖాస్తు పెట్టండి, పునాది కూడా దానికి తగ్గట్టు వేయించండి.

75 గజాల చిట్కా ఎవరైనా చెబితే వినకండి. 75 గజాల లోపు ప్లాటుకు అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు అన్నది నిజమే. దాంతో పెద్ద ప్లాటును అన్నదమ్ముల పేర్ల మీద ముక్కలు చేయమని సలహాలిచ్చేవాళ్లు తయారయ్యారు. ప్లాటును విడగొట్టడానికి కూడా అనుమతి కావాలి. మీ 180 గజాలకు ఆ దారి లేదు.

నాన్నగారి పేరు విషయం. అనుమతి స్థలం యజమాని పేరు మీదే వస్తుంది. లోన్ మీ పేరు మీద కావాలంటే రెండు దారులు: నాన్నగారిని సహ దరఖాస్తుదారుగా, తాకట్టు పెట్టే యజమానిగా పెట్టడం, లేదా ముందే మీ పేరున గిఫ్ట్ దస్తావేజు చేయించడం. బ్యాంకు మొదటి దారికి ఒప్పుకుంటే అదే సులువు, ఖర్చు కూడా తక్కువ. గిఫ్ట్ చేయించుకునేట్టయితే పర్మిషన్‌కు ముందే చేయించండి, మధ్యలో పేరు మారితే కాగితాలన్నీ మళ్లీ తిప్పాలి. తోబుట్టువులుంటే వాళ్లకు చెప్పి చేయండి. కోర్టులో కేసు పడితే అనుమతి ఉన్నా పని ఆగుతుంది.

60 వేల మాట. అందులో ప్రభుత్వానికి వెళ్లేది ఎంత, తన ఫీజు ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. పర్మిట్ ఫీజు, అభివృద్ధి చార్జీ, ఖాళీ స్థలం పన్ను బకాయి, కార్మిక సెస్సు, ఇవన్నీ పోర్టల్‌లోనే డిమాండ్‌గా కనిపిస్తాయి. సెస్సు నిర్మాణ ఖర్చులో ఒక శాతం. సొంత నివాసానికి 50 లక్షల లోపు ఖర్చయితే మినహాయింపు ఉంది (2025 నవంబర్ వరకు ఆ పరిమితి 10 లక్షలే), కాబట్టి మీ అంచనా ఆ లోపు ఉంటే డిమాండ్‌లో సెస్సు ఎందుకు పడిందో అడగండి. ఖాళీ స్థలం పన్ను చాలా ఏళ్లుగా కట్టి ఉండరు, అదంతా ఒక్కసారి పడితే ఉలిక్కిపడకండి. డబ్బు మీ ఫోన్ నుంచి మీరే కట్టి రసీదు దింపుకోండి. లాగిన్ కూడా మీ నంబరుతోనే తెరవండి. ఇంజనీరు నంబరుతో తెరిస్తే తనిఖీ వాళ్ల అభ్యంతరం అతని ఫోన్‌కు వస్తుంది, మీకు తెలిసేసరికి గడువు అయిపోతుంది. "ఆఫీసులో ఖర్చులుంటాయి" అనే లైను ఆ కాగితంలో ఉంటే అది ఎవరికి అని అడగండి. చేతులు తడపమని నేరుగా ఎవరైనా అడిగితే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.

అనుమతి వచ్చాక 18 నెలల్లోపు పని మొదలుపెట్టాలి, మూడేళ్లలో పూర్తి చేయాలి. ముగ్గు పోసిన రోజు పునాది తవ్వక ముందే ఇంజనీరును పిలిపించి నాలుగు వైపులా ఖాళీలు టేపుతో కొలిపించి, ఫొటోలు తీసి పెట్టుకోండి. స్తంభాలు లేచాక కొలిస్తే ఉపయోగం లేదు. ఇంకుడు గుంత ఎక్కడ వస్తుందో కూడా అప్పుడే గుర్తు పెట్టించండి, సెప్టిక్ ట్యాంకుకు, బోరుకు దూరంగా.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ పోర్టల్, రుసుములు వేరు. 2025 మొదట్లో 18 మీటర్ల లోపు నివాస భవనాలకు సొంత ధ్రువీకరణ పద్ధతి తెచ్చారు. లైసెన్సున్న సాంకేతిక నిపుణుడి ద్వారా దరఖాస్తు వెళ్తుంది. పైన చెప్పిన ఎల్‌ఆర్‌ఎస్ అంకెలు తెలంగాణవి, వాటిని అక్కడికి వర్తింపజేసుకోవద్దు.

శ్రావణానికి ముగ్గు పోయొచ్చా అంటే, ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్ అప్పటికి చేతికి వస్తేనే. రాకపోతే కార్తీకానికి జరపండి, అప్పటికి వానలూ తగ్గుతాయి. ఎల్‌ఆర్‌ఎస్ డిమాండ్ నోటీసు వచ్చాక అందులో రాసిన ప్లాటు విస్తీర్ణం, రోడ్డుకు వదలాల్సిన స్థలం ఎంత వేశారో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి ప్లాన్‌లో ఏం మార్చాలో చెబుతాను.